సముద్రపుటొడ్డున మేసిన కొండ గొర్రెలు

హవోద్ లాస్, బాలా సరస్సు పైన
అక్టోబరు 1946

మోర్వా పొలం మార్గెడ్ రీస్ గారికి,

మనం ఒకరినొకరం ఎప్పుడూ చూసుకోలేదు. అయినా ఇరవై ఏళ్లకు పైగా ప్రతి అక్టోబరులో మా ఆడ గొర్రెపిల్లలు మీ పొలానికి వస్తున్నాయి, ఏప్రిల్‌లో తిరిగి కొండెక్కుతున్నాయి. ఆ ఏడు పుట్టిన పిల్లలు ఇక్కడి మొదటి చలికాలం తట్టుకోలేవు. మీ సముద్రపు గాలికి బతికి బట్టకడతాయి. ఇన్నాళ్లూ వాటిని మీ దగ్గరికి నడిపించుకొచ్చినది మా ఆయన ఇవాన్.

ఈ ఏడు ఆయన రారు. ఆగస్టులో గడ్డికోత సాగుతుండగా చేలోనే గుండె ఆగిపోయింది. మీకు అప్పుడే రాయవలసింది. కలం పట్టుకుంటే ఆ మాట రాయబుద్ధి కాలేదు.

ఈ ఉత్తరం వెనకే మా మరిది గిటో గొర్రెపిల్లలతో బయలుదేరుతున్నాడు. బాలా రైల్వే స్టేషన్లో పని అతనిది, గొర్రెల సంగతి అంతంత మాత్రమే తెలుసు. కుక్క మోట్‌ని కూడా పంపుతున్నాను, దారి దానికి తెలుసు.

మీ ఇంటి నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ ఇవాన్ వారం రోజులు మీ వంట గురించే చెప్పేవారు. నాకు కొంచెం ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ మాటలు ఎవరైనా చెబితే వినాలని ఉంది.

మాకు పిల్లలు లేరు. మంద ఉంది, ఆయన చేసినట్టే చేసుకుపోదామనుకుంటున్నాను. మీ పాత ఏర్పాటు నాతో కూడా కొనసాగిస్తారని ఆశిస్తూ,

డిలిస్ ప్యూ


మోర్వా, టౌవిన్ దగ్గర
నవంబరు 1946

డిలిస్,

గొర్రెపిల్లలూ గిటో కూడా క్షేమంగా చేరారు. ఎవరు ఎక్కువ మేశారో చెప్పడం కష్టం.

ఇవాన్ పోయాడన్న కబురు నీ ఉత్తరం కంటే ముందు గిటోయే తెచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పాడు. మా తమ్ముడు హ్యూ భోజనం దగ్గర నుంచి లేచి కొట్టంలోకి వెళ్లి చాలాసేపు రాలేదు. హ్యూ సంగతి నీకు తెలియదు. పెళ్లి చేసుకోలేదు, మాట్లాడడమూ తక్కువే. ఇవాన్ వచ్చిన రెండు రోజులే వాడు నోరు విప్పేవాడు. ఇద్దరూ గట్టు మీద కూర్చుని గొర్రెల కాళ్ల గురించి మాట్లాడుకుంటుంటే నేను కిటికీలోంచి చూసి, వీడికి ఇన్ని మాటలు ఎక్కడివా అనుకునేదాన్ని.

వినాలని ఉందన్నావు కనక చెబుతున్నాను. నా వంట గురించి నీ దగ్గర చెప్పినట్టే, నీ గురించి మా దగ్గర చెప్పేవాడు. "మా ఆవిడ ఇటు కొండ మీద కేక వేస్తే అటు కొండ మీద ఎవరిదో కుక్క కూర్చుంటుందండీ" అనేవాడు. అంటూ ఎంత మురిసిపోయేవాడో నువ్వు చూడలేదు.

నన్ను గారు అనకు. ఇక్కడ నన్ను గారు అనేది కొత్తగా వచ్చిన పాస్టరు ఒక్కడే, అతని చేతా మాన్పిస్తున్నాను. గొర్రెల గురించి బెంగ వద్దు. ఇవాన్‌కు ఇచ్చిన మాటే నీకూనూ.

మార్గెడ్


హవోద్ లాస్
మార్చి 1947

మార్గెడ్ గారికి,

గారు వద్దన్నారు, చెయ్యి వినలేదు.

జనవరి నెలాఖరు నుంచి మా ఇంటి దారి కనపడలేదు. ఈ వారమే బాలాకు మళ్లీ రైలు వచ్చిందట. గిటో నడుం లోతు మంచులో పడుతూ లేస్తూ నన్ను చూడడానికి వచ్చాడు, ఈ ఉత్తరం పట్టుకెళ్తానని గుమ్మంలో నిలబడ్డాడు. అందుకే నాలుగు ముక్కలే రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. పిండి ఉంది, పొయ్యి వెలుగుతోంది. మంద కొంత దెబ్బతింది. కొన్ని పోయాయి. ఇక్కడ అందరికీ అలాగే ఉంది, నా ఒక్కదానికే కాదు.

కొండ మీద గడ్డి ఎప్పుడు కనిపిస్తుందో తెలియదు. గొర్రెపిల్లలను అనుకున్న దానికంటే మరికొన్నాళ్లు మీ దగ్గర ఉంచుకోగలరా? మీకూ మేపు తక్కువగా ఉంటే మొహమాటపడకుండా చెప్పండి.

డిలిస్


మోర్వా
మార్చి నెలాఖరు

డిలిస్,

"కొన్ని పోయాయి" అని రాశావు. నేను పుట్టింది మొదలు రైతుల మధ్యే బతికాను. పంట బ్రహ్మాండంగా ఉంటే రైతు "ఏదో ఉందిలే" అంటాడు, సర్వం తుడిచిపెట్టుకుపోతే "కొన్ని పోయాయి" అంటాడు. ఎన్నో చెప్పాలనిపిస్తే చెప్పు. చెప్పకపోయినా సరే, నాకు అర్థం కాలేదని మాత్రం అనుకోకు.

ఇక్కడా చలి గట్టిగానే పట్టింది. ఒడ్డున ఉప్పునీళ్లు గడ్డకట్టాయి. మా ఊళ్లో ఎనభై దాటినవాళ్లు కూడా అలాంటిది చూడలేదంటున్నారు. మేపుకు లోటేమీ లేదు. నీ గొర్రెపిల్లలు బొద్దుగా ఉన్నాయి. హ్యూ వాటి దగ్గరే ఉంటున్నాడు. అన్నానికి పిలిస్తే వాటికి పెట్టారా అన్నట్టు చూస్తాడు.

ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉండనీ. నువ్వు సరిగ్గా తింటున్నావా? రేషను పంచదారలో మాది కొంత మిగిలింది. ఎండుద్రాక్ష రొట్టె చేసి గిటో పేరు మీద రైల్లో పంపుతున్నాను. స్టేషన్లోనే తినేయొద్దని అతనికి చెప్పు.

మార్గెడ్


హవోద్ లాస్
ఏప్రిల్ 1947

మార్గెడ్ గారికి,

రొట్టె అందింది. నిజంగా దాన్ని తింటూనే ఈ ఉత్తరం రాయాలని నిశ్చయించుకున్నాను.

మంచు కరిగింది. రాతిగోడల వెంట గాలికి ఒదిగి నిలబడ్డ గొర్రెలు నిలబడ్డట్టే బిగుసుకుపోయి ఉన్నాయి. మోట్ ఒక్కో చోట ఆగి కూర్చుని నా మొహం చూస్తుంది, నేను తల ఊపితే మరో చోటికి వెళుతుంది. మందంతా పోయింది, మార్గెడ్ గారూ. బతికినవాటిని లెక్కపెట్టడానికి నా వేళ్లు చాలు. అవి కూడా ఒకదాని ఉన్ని మరొకటి పీక్కుతిని బతికాయి. వాగు అవతలి గ్వెర్న్ పొలం రైతు ఎమ్రిస్ తనవి పూడ్చుకున్నాక వచ్చి నావి పూడ్చిపెట్టాడు.

కొత్త మంద కొనుక్కోవచ్చు కదా అని పట్నం వాళ్లు అడుగుతారు. మీరు అడగరు. మా కొండకు కంచె లేదు. ఏ గొర్రెకు ఏది తన చోటో తల్లి వెంట తిరిగి నేర్చుకుంటుంది, మళ్లీ తన పిల్లకు నేర్పుతుంది. ఇవాన్ ముత్తాత రోజుల నుంచీ అలాగే వచ్చింది. ఎక్కడివో తెచ్చి వదిలితే నాలుగు దిక్కులా పోతాయి. నేర్పే తల్లులు పోయాక ఇక హవోద్ లాస్ ఏముంది?

కౌలు వదులుకుంటున్నానని భూమి సొంతదారులైన ఎస్టేటు వాళ్లకు మే నెలాఖరులోగా రాయాలి. లివర్‌పూల్‌లో మా చెల్లెలు మెన్నాకు పాల దుకాణం ఉంది. "వచ్చెయ్, మేడ మీద గది ఖాళీగా ఉంది" అంటోంది. అక్కడ మన భాష వదిలేసి రోజంతా ఇంగ్లీషులో మాట్లాడాలి. ఇక్కడ నన్ను పొలం పేరు కలిపి డిలిస్ హవోద్ లాస్ అంటారు. అక్కడ ఏమంటారో మరి.

మీ దగ్గరున్న గొర్రెపిల్లలను టౌవిన్ సంతలో అమ్మేయండి. ఇన్నేళ్లు ఇవాన్‌కూ నాకూ చేసినదానికి ఎలా కృతజ్ఞత చెప్పుకోవాలో నాకు తెలియదు.

డిలిస్


మోర్వా
ఏప్రిల్ 1947

డిలిస్,

అమ్మను.

నీ ఉత్తరం హ్యూకు చదివి వినిపించాను. బూట్లు తొడుక్కుని బయటికి పోయాడు. కాసేపటికి వచ్చి, "ఆ పిల్లలు కిందటి వేసవంతా తల్లుల వెంట తిరిగాయి కదా" అన్నాడు. నేను రొట్టె పిండి కలపడం ఆపేశాను. "అయితే?" అన్నాను. "అయితే వాటికి తెలుసు" అన్నాడు. మా ఇంట్లో ఇంత పొడుగు సంభాషణ జరిగి ఏళ్లయింది.

వాడు చెప్పింది నిజమో కాదో నాకు తెలియదు. నేను సముద్రపు ఒడ్డు మనిషిని, నా పొలానికి కంచెలున్నాయి. ఒక్క వేసవిలో గొర్రెపిల్ల ఎంత నేర్చుకుంటుందో, ఎంత మరిచిపోతుందో నువ్వే చెప్పాలి. ఒకసారి కొండ మీద వదిలి చూడకుండా అమ్మేయడానికి మాత్రం నాకు చేతులు రావు.

ఈ నెలాఖరుకు నేనూ హ్యూ వాటిని తోలుకొస్తున్నాం. రెండు రోజుల నడకట, కాడెర్ ఇద్రిస్ కొండ పక్కనుంచి. నా మోకాళ్ల గురించి అడగకు. ఇన్నేళ్లుగా ఆ గొర్రెలు ఎక్కడికి పోతున్నాయో చూడకుండానే పంపిస్తున్నాను. ఈసారి చూస్తాను.

మేము వచ్చేదాకా ఎస్టేటు వాళ్లకు ఏమీ రాయకు. వచ్చాక రాయాలనిపిస్తే నీ ఇష్టం. లివర్‌పూల్ ఎక్కడికీ పోదు.

మార్గెడ్


హవోద్ లాస్
మే 1947

మార్గెడ్ అక్కకు,

నువ్వు నా వంటింట్లో కూర్చుని నా కుర్చీ కుంటుతోందని తిట్టి వెళ్లావు. ఇక గారు అనడానికి నోరు రావడం లేదు.

ఆ సాయంత్రం ఇంటి చేలోంచి కొండ మీదికి వెళ్లే గేటు తీసినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. అవి గేటు దాటి కాసేపు బిత్తరచూపులు చూసి, తలో దిక్కూ చెదిరిపోయాయి. హ్యూ పొగమంచులోకి చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. మర్నాడు పొద్దున్నే, ఇంటి దగ్గర ఆవులున్నాయని మీరిద్దరూ రైలెక్కారు. మీకు తెలిసింది అంతవరకే.

ఆ రోజు పొగమంచు విడవలేదు. ఎక్కి దిగాను, ఒక్కటీ కనపడలేదు. మర్నాడూ అంతే. ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను. ఎస్టేటు వాళ్లకు రాయవలసింది సగం రాశాను కూడా. ఆ తర్వాతి రోజు ఎండ వచ్చింది. మోట్ నాకంటే ముందు పరిగెత్తి, పై బండల దగ్గర ఆగి తోక ఊపింది.

అక్కడే ఉన్నాయి అక్కా. వాటి తల్లులు మధ్యాహ్నం పూట పడుకునే ఆ బండల కిందే పడుకుని నెమరేస్తున్నాయి. బతికిన ముసలి గొర్రెలు వాటి మధ్యలో ఉన్నాయి. అవి లేచి వాగు వైపు మేస్తూ దిగితే ఇవీ దిగాయి. మా హద్దు ఆ వాగే, దాని దగ్గర ఆగాయి. దాటవలసిన పని లేదన్నట్టు తిరిగి పైకి మళ్లాయి. అన్నీ కాదు, నాలుగైదు ఎమ్రిస్ వైపు పోయాయి, అతను తోలుకొచ్చి ఇచ్చాడు. మిగతావన్నీ ఉన్నాయి. నేను అక్కడే గడ్డిలో కూలబడి ఏడ్చాను. ఇవాన్ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఎస్టేటు వాళ్లకు రాసిన కాగితం పొయ్యిలో పడేశాను.

మరో మాట. స్టేషన్లో మీ రైలు వచ్చేలోగా హ్యూ గిటోతో మాట్లాడాడట. మోర్వాలో ఫిబ్రవరికే మేపు అయిపోవచ్చిందని, ఆవుల వంతు గడ్డి తీసి నా గొర్రెపిల్లలకు పెట్టావని, రెండు పాడి ఆవులు వట్టిపోయాయని, ఒకటి చచ్చిపోయిందని చెప్పాడట. "మేపుకు లోటేమీ లేదు" అని నాకు రాశావు. అదంతా తెలియక వాటిని అమ్మేయమని నీకే రాశాను. ఈ రుణం నేనెలా తీర్చుకోను?

డిలిస్


మోర్వా
జూన్ 1947

డిలిస్,

మా హ్యూ ఏడాదికోసారి నోరు తెరుస్తాడు, అదీ స్టేషన్లో. వాడికి ఇవాళ చారు పోయలేదు.

ఆవుల మాట వదిలెయ్. చచ్చింది ముసలి ఆవు, మంచి వేసవి వచ్చినా ఎక్కువ రోజులు ఉండేది కాదు. ఇవాన్ పోయిన ఏడే అతని గొర్రెలను ఆకలికి చంపుకుంటే మళ్లీ నేను ప్రార్థన మందిరంలో ఏ మొహంతో కూర్చునేదాన్ని? నీ కోసం చేశాననుకోకు, నా నిద్ర కోసం చేసుకున్నాను.

అవి బండల కింద పడుకున్నాయని చదివాక లేచి వాకిట్లోకి వెళ్లాను. హ్యూకు చెబితే, "చెప్పాను కదా" అన్నాడు. సాయంత్రం పాలు పితుకుతూ పాట అందుకున్నాడు. వాడి గొంతు ఇంకా ఉందని నాకే తెలియదు.

రుణం గిణం అనకు. ఈ ఏడు మా ఎండుగడ్డి మేమే కోసుకోగలిగితే అదే పదివేలు. హ్యూకు నడుం పట్టేసింది, కూలీలు దొరకడం లేదు. ఏదో ఒకటి చూసుకుంటాం.

మార్గెడ్


హవోద్ లాస్
జులై 1947

అక్కా,

నిన్న మా ఉన్ని కత్తిరింపు రోజు. ఈ లోయలో ఒక్కో ఇంటికీ ఒక్కో రోజు ఉంటుంది, అందరూ వచ్చి చేస్తారు, మరో రోజు మరో ఇల్లు. ఈ ఏడు మా ఇంటికి ఎవరూ రావద్దని గిటో చేత ముందే చెప్పించాను. ఉన్న కాసిని గొర్రెలకు నేనూ అతనూ చాలు.

పొద్దున్న రొట్టెలు పొయ్యి మీద ఉండగా మోట్ మొరిగింది. బయటికొస్తే లోయంతా కొండెక్కి వస్తోంది. మొగవాళ్ల చంకల్లో కత్తెరలు, ఆడవాళ్ల చేతుల్లో గిన్నెలు. ముందు ఎమ్రిస్.

"మావా, గిటో చెప్పలేదా?" అన్నాను.

"చెప్పాడు. ఇవాళ హవోద్ లాస్ రోజు కాదా?"

"రోజే. గొర్రెలేవీ?"

"గొర్రెలెన్నని నేనడిగానా? మా నాన్న ఈ రోజునే వచ్చాడు, నేనూ ఈ రోజునే వస్తాను. బెంచీలు ఎక్కడ వెయ్యాలో చెప్పు."

బెంచీల మీద కూర్చున్నారు. గొర్రెల కంటే కత్తెరలు ఎక్కువ. ఒక గొర్రెను ఇద్దరు లాక్కున్నారు. "నువ్వు తలవైపు కానియ్, నేను తోకవైపు నుంచి వస్తాను, నడుం దగ్గర కలుద్దాం" అని ఒకడంటే, "మీరిద్దరూ కలిసేసరికి దానికి మళ్లీ ఉన్ని పెరుగుతుంది" అని మరొకడు. వాళ్లందరి మందలూ పోయాయి అక్కా. ఎవరికీ నవ్వడానికి కారణం లేదు. అయినా నవ్వారు. భోజనాల వేళకు పనైపోయింది. ఎప్పుడూ చీకటిపడేదాకా సాగేది. మిగిలిన పొద్దంతా గడ్డిలో కూర్చుని పై గొంతులూ కింది గొంతులూ నాలుగు వరసలుగా కలిపి కీర్తనలు పాడారు. ఇవాన్ పాడే కింది గొంతు వరస ఎమ్రిస్ తీసుకున్నాడు, ఎవరూ అడక్కుండానే.

అప్పుడు మీ సంగతి వాళ్లకు చెప్పాను. ఆవుల సంగతి, గడ్డి సంగతి, హ్యూ నడుం సంగతి. అంతా విని ఎమ్రిస్, "టౌవిన్‌లో గడ్డి మనకంటే ముందే కోతకొస్తుందేమో కదా" అన్నాడు. అంతే, అక్కడే నిశ్చయమైపోయింది.

వచ్చే సోమవారం రైలుకు వస్తున్నాం. కొడవళ్లు మావి మేమే తెచ్చుకుంటాం. వద్దని రాయకు, ఆ ఉత్తరం చేరేలోగా మేము దిగుతాం.

డిలిస్


మోర్వా
ఆగస్టు 1947

డిలిస్,

నువ్వు వెళ్లిన దగ్గర నుంచీ ఈ ఉత్తరం మొదలుపెట్టి మూడుసార్లు చింపేశాను. ఇవ్వడం నాకు చిన్నప్పట్నుంచీ వచ్చు. పుచ్చుకోవడం ఎవరూ నేర్పలేదు.

మీరు రైలు దిగి పాడుకుంటూ వస్తుంటే ఊరంతా గుమ్మాల్లోకి వచ్చింది. మాకు పదిహేను రోజులు పట్టే కోత మీరు నాలుగు రోజుల్లో ముగించారు. ఇప్పుడు కొట్టం నిండింది, బయట మరో వామి కూడా ఉంది. పైకప్పు దాకా గడ్డి పేర్చి ఉండడం మా నాన్న పోయాక ఇదే చూడడం. పొద్దున్నే వెళ్లి కొట్టం తలుపు తీసి ఊరికే నిలబడుతున్నాను. గడ్డి వాసన పీల్చి, తలుపు వేసి వస్తున్నాను. హ్యూ చూసి తల తిప్పుకుంటాడు, ఎందుకంటే వాడూ అదే పని చేస్తున్నాడు.

మీ ఎమ్రిస్ మావ సముద్రంలో నిలబడ్డ తీరు మరిచిపోలేను. డెబ్బై ఏళ్ల మనిషి, ప్యాంటు మడుచుకుని, టోపీ మాత్రం తియ్యకుండా, మోకాలి లోతులో. "ఎలా ఉంది మావా?" అని నువ్వు కేకేస్తే, "కంచె లేదే దీనికి కూడా" అన్నాడు. నువ్వు నవ్వావు. వచ్చిన దగ్గర నుంచీ నువ్వు నవ్వడం నేను చూసింది అప్పుడే. ఇవాన్ ఎందుకు మురిసిపోయేవాడో నాకర్థమైంది.

ఈ అక్టోబరులో నా దగ్గరికి పంపడానికి నీ దగ్గర గొర్రెపిల్లలు ఉండవని తెలుసు. పొలం బోసిగా ఉంటుంది. నువ్వు రా. చలికాలంలో ఒక వారం రా, ఏ పనీ చెయ్యకుండా కూర్చో.

రెండు చేతులూ జోడిస్తున్నాను, నీకూ నీ లోయకూ.

మార్గెడ్


హవోద్ లాస్
మే 1948

అక్కా,

నీ దగ్గర ఉన్న వారం రోజుల్లో పెరిగిన ఒళ్లు ఈ నెలలో కొండెక్కి దిగి కరిగిపోయింది. పడుచు గొర్రెలు ఈనుతున్నాయి. నువ్వు మేపినవే. కొన్నింటికి తొలి కాన్పు కష్టమైంది, ఒకటి రెండు పిల్లలు దక్కలేదు. మిగతావి బాగున్నాయి.

ఎస్టేటు వాళ్లు కౌలు కాగితం పంపారు. ఇవాన్ పేరు ఉన్నచోట నా పేరు వేశారు. గిటో దాన్ని బాలా అంతా చూపించి తెచ్చాడు.

ఇవాళ పొద్దున వాగు దగ్గర ఆ పడుచు గొర్రెల్లో ఒకదాన్ని చూశాను. దాని పిల్ల పుట్టి వారమైనా అయి ఉండదు. గంతులేస్తూ రాళ్ల మీదుగా వాగు దాటి గ్వెర్న్ వైపు పోయింది. నేను కదలలేదు, మోట్‌నీ కదలనివ్వలేదు. తల్లి వాగు ఇవతలే నిలబడి ఒక్కసారి అరిచింది. పిల్ల ఆగి వెనక్కి చూసింది. తల్లి మళ్లీ అరవలేదు, దాటలేదు కూడా, అలాగే నిలబడి ఉంది. పిల్ల నీళ్లలో జారి, తడిసి, లేచి, తిరిగొచ్చి తల్లి పొదుగు అందుకుంది. అవతలి గట్టున ఎమ్రిస్ మావ కర్ర మీద గడ్డం ఆనించి అంతా చూస్తున్నాడు. టోపీ తీసి నా వైపు ఊపి తన దారిన పోయాడు.

పిల్లకు పాలు చాలుతున్నాయి. తల్లి బలంగా ఉంది. నీకు వెంటనే చెప్పాలనిపించి, మోట్‌ని వాటి దగ్గర ఉంచి కిందికి దిగొచ్చి రాస్తున్నాను.

నీ
డిలిస్